కొండదేవుడి తనిఖీ

డార్విన్‌లో తెలుగువాళ్ళు ఏ పండక్కీ పిలవని మనిషి ఒక్కరే. పేరు కౌసల్య. మనిషి మంచిదే. మాట మెత్తన, వంట బాగా చేస్తుంది, ఎవరి గురించీ వెనకాల మాట్లాడదు. లోపమల్లా ఉద్యోగంలో ఉంది. రేవు పక్కన రేకుల షెడ్డులో ఆమె క్వారంటైన్ ఇన్‌స్పెక్టరు. పరాయి దేశపు పురుగూ విత్తనమూ మట్టీ ఆస్ట్రేలియా గడ్డ మీద కాలు పెట్టకుండా చూడటం ఆమె బాధ్యత. లోకంలో చాలామందికి బాధ్యతలుంటాయి. కౌసల్య తన బాధ్యతను నెరవేరుస్తుంది. అక్కడొచ్చింది చిక్కు.

తండ్రి హనుమయ్య బాపట్ల దగ్గర ధాన్యం గిడ్డంగిలో కాపలాదారు. ఆయన కూతురికిచ్చిన ఆస్తి ఒకే ఒక్క విద్య: బస్తాకి చెవి ఆనించి, లోపల పురుగు తింటున్న చప్పుడు పట్టుకోవడం. దానికి తోడు ఆమె వ్యవసాయ డిగ్రీ చదివి, డార్విన్ యూనివర్సిటీలో మాస్టర్స్ చేస్తూ రెండేళ్ళు హోటల్లో పళ్ళేలు తోమి, చివరికి ఈ షెడ్డు చేరింది. పన్నెండేళ్ళ సర్వీసులో ఆమె ఆపిన సరుకుల్లో సొంత అత్తగారు పట్టుచీర మడతల్లో దాచి తెచ్చిన కరివేపాకు కూడా ఉంది. ఆ వేళ కోడలికి ఎయిర్‌పోర్టు డ్యూటీ పడటం పెద్దావిడ గ్రహచారం.

మూడేళ్ళ కిందట అంతకన్నా పెద్దది జరిగింది. తెలుగు సంఘం హైదరాబాద్ నుంచి మట్టి గణపతిని తెప్పించింది. మట్టిలో వరిగడ్డి, గడ్డిలో గింజలు. కౌసల్య ఆపింది. తగలబెట్టడమా, వెనక్కి పంపడమా, వేడి పెట్టించడమా అని చట్టం మూడు దార్లు చూపించింది. సంఘం వేడిని ఎంచుకుంది. గదిలోంచి బయటికి వచ్చేసరికి స్వామి ఒకచోట, తొండం ఒకచోట ఉన్నాయి. ఆ ఏడు పూజ ఫోటోకి జరిగింది. కౌసల్య ఇంట్లో పసుపు గణపతిని చేసి, క్షమించమని చెంపలేసుకుని, ఆ వెంటనే "గడ్డి లేకుండా రావలసింది స్వామీ" అని కూడా విన్నవించుకుంది. స్వామి రెండూ విని ఉంటాడు. సంఘానికి రెండోది మాత్రమే చేరింది.

ఈ ఏడు జూలైలో ఇంకో దేవుడొచ్చాడు. జపాన్ నుంచి.

నూరేళ్ళ కిందట డార్విన్ సముద్రంలో ముత్యపు చిప్పల కోసం మునిగి, తిరిగి తేలని జపాన్ కూలీల పేర్లు పాత శ్మశానంలో రాళ్ళ మీద ఉన్నాయి. వాళ్ళలో ఏడుగురిది ఒకే కొండ పల్లె. ఆ కొండ మీద గుళ్ళో ఏడాదికొకసారి కొయ్య ముఖం తొడుక్కుని దేవుడి ఆట ఆడతారు. కాగురా అంటారు దాన్ని. ఊళ్ళో ఇప్పుడు మిగిలినవి పదకొండు గడపలు. ఇంకొన్నాళ్ళు పోతే ఆడేవాళ్ళే ఉండరని, ఆ ఏడుగురికీ ఒక్కసారైనా ఆట చూపించాలని, దేవుణ్ణే కొండ దించి తీసుకొచ్చారు. శనివారం సాయంత్రం శ్మశానం దగ్గర ఆట. ఆదివారం తిరుగు విమానం. గురువారం పొద్దున పదింటికి దేవుడున్న పెట్టె కౌసల్య బల్ల మీదికొచ్చింది.

ఫారంలో వస్తువు అన్నచోట "ముఖం, కొయ్య, ఒకటి" అని ఉంది. వయసు సుమారు మూడు వందల ఏళ్ళు. ఉపయోగం అన్న గడిలో "దేవుడు" అని రాసి ఉంది. పన్నెండేళ్ళలో ఆ గడిని ఇంత సూటిగా నింపినవాళ్ళు లేరు.

తెచ్చినాయన పేరు ఒగురా. డెబ్భై నాలుగేళ్ళు, గుండు, ఇస్త్రీ మడత చెదరని చొక్కా. ముఖాన్ని కాపాడేదీ ఆయనే, తొడుక్కుని ఆడేదీ ఆయనే. పక్కన మనవరాలు మిహో. ఆటలో డోలు ఆమెది, షెడ్డులో ఇంగ్లీషు ఆమెది.

"పెట్టె విప్పమనండి," అంది కౌసల్య.

మిహో చెప్పింది. ముసలాయన కౌసల్యను కాసేపు చూసి ఏదో అడిగాడు.

"విప్పమంటున్నది మీరేనా అని అడుగుతున్నారు."

"నేనే. రూల్ అది."

ఒగురా నడుం వంచి నమస్కరించాడు. జేబులోంచి తెల్ల కాగితం తీసి, మడిచి, పెదవుల మధ్య పట్టుకున్నాడు. మనిషి ఊపిరి దేవుడికి తగలకూడదట. కౌసల్యకు ఎవరూ విడమర్చనక్కర్లేకపోయింది. నోటికి గుడ్డ కట్టుకుని నైవేద్యం తెచ్చే అర్చకుణ్ణి చూస్తూ పెరిగిన మనిషి. ఆమె నోటికీ మాస్కు ఉంది, ఆఫీసువాళ్ళిచ్చింది. ఊదారంగు తాడు ఊడింది. లోపలి పట్టు గుడ్డ తొలిగింది. ఎర్రటి ముఖం, బంగారు కనుగుడ్లు, గుర్రపు వెంట్రుకల గడ్డం. షెడ్డు కప్పు కేసి చూస్తూ పడుకుని ఉంది.

గుడ్డ మడతలో చిటికెడు పిండి ఉంది.

కౌసల్య దాన్ని వేళ్ళ మధ్య రాసింది. ముఖానికి పూసే పౌడరంత నున్నగా ఉంది. కలపను లోలోపల తొలిచే పురుగు వదిలే పిండి అలాగే ఉంటుంది. కుడి బుగ్గ కింద చూస్తే సూది మొనంత కన్నాలు తొమ్మిది. అయితే ముఖం లోపలి వైపు పూసిన గుల్ల సున్నం కూడా పెచ్చులూడి పొడిగా రాలుతోంది. ఏది పిండి, ఏది సున్నం. కన్నాలు నిన్నటివా, నూరేళ్ళ నాటివా?

"నేను చెవి ఆనించి వినాలి," అంది.

ఒగురా చేతులు బిగుసుకున్నాయి. జేబులోంచి ఇంకో కాగితం తీసి ఆమెకిచ్చాడు. కౌసల్య మాస్కు కిందికి లాగి, కాగితం పెదవుల మధ్య పెట్టుకుని, దేవుడి బుగ్గకి చెవి ఆనించింది. నిమిషం, రెండు నిమిషాలు. వినపడింది తన గుండె చప్పుడే. పురుగు లేదనడానికి అది సాక్ష్యం కాదు. పురుగులు కూడా విశ్రాంతి తీసుకుంటాయి.

లెక్క ప్రకారం దార్లు మూడు. పురుగును చంపే గ్యాసు పెడితే గుర్రపు వెంట్రుకల్లోని గంధకంతో కలిసి, దేవుడి గడ్డం ఇక ఎప్పటికీ కుళ్ళు వాసన కొడుతుంది. వేడి పెడితే రంగు చిట్లుతుంది. తొండం సంగతి ఆమెకు గుర్తుంది. మిగిలింది చలి. మైనస్ పద్దెనిమిది డిగ్రీల ఫ్రీజరులో ఏడు రోజులు. శనివారానికి ఉన్నవి రెండు రోజులు.

"తేలేదాకా ఇది బయటికి వెళ్ళదండి. పెట్టె మూసి సీలు వేస్తాను," అంది.

మిహో తాతకు చెప్పలేదు. కౌసల్యకే చెప్పింది. "మూయకూడదండి. తాడు విప్పితే దేవుడు లేచినట్టు. ఆట ఆడాకే మళ్ళీ కట్టాలి."

"ముందే చెప్పొచ్చు కదా?"

"మా ఊళ్ళో తాడు విప్పమన్నవాళ్ళే ఆట పెట్టించాలండి. అందుకే మీరేనా అని అడిగారు. మీరు అవునన్నారు."

ఆ విధంగా, ఆస్ట్రేలియా ప్రభుత్వోద్యోగి అయిన కౌసల్య, తనకు తెలియకుండానే, పై అధికారుల అనుమతి లేకుండా, కొండదేవుడి ఆటకు కర్తగా నియమితురాలైంది. రాజీనామా చేసే వీలు ఆ పదవికి లేదు.

తనిఖీ గదికి ఒక పక్కంతా అద్దం. పెట్టె తెరిచే ఉంచి కౌసల్య గదికి తాళం వేసింది. ఒగురా అద్దానికి ఇవతల ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. షెడ్డు మూసేదాకా లేవలేదు.

ఆ సాయంత్రం కౌసల్య ఇంట్లో చారులో ఉప్పు లేదు. "ఏవైంది నీకు?" అన్నాడు భర్త భానుప్రసాద్. చెప్పింది.

"నీ చేత్తో వదిలేసి, రేపు పురుగు బయటపడితే?"

"సంతకం నాదేగా. ఉద్యోగం సంగతి సరే, ఇక్కడ సగం ఇళ్ళు కలపవే."

"వదలకపోతే?"

"ఆయన దేవుణ్ణి తెరిచిన పెట్టెలో పెట్టుకుని ఊరెళ్ళాలి. ఆట లేకుండా. ఆ తర్వాత ఆయన మళ్ళీ ఆ గుళ్ళో అడుగుపెట్టకూడదంట. ఆ పిల్ల చెప్పింది."

పదకొండేళ్ళ లాస్య ఫోనులోంచి తలెత్తింది. "అమ్మా, హి ఈజ్ ఎ గాడ్. జస్ట్ లెట్ హిమ్ గో."

"గాడ్ అయితే పర్మిట్ అక్కర్లేదా?"

"డస్ హి నీడ్ వన్?"

భానుప్రసాద్ ఉప్పు డబ్బా అందుకున్నాడు. వేదాంత చర్చ అంతటితో ఆగింది.

శుక్రవారం పొద్దున మేనేజరు ఫోన్ చేశాడు. ఆయన ఎప్పుడూ ఆజ్ఞ ఇవ్వడు, ఆశాభావం వ్యక్తం చేస్తాడు. మినిస్టరు వస్తున్న కార్యక్రమమనీ, ఆమె వివేకం మీద తనకు పూర్తి నమ్మకముందనీ, ఏ నిర్ణయమైనా అది ఆమెదేననీ మూడుసార్లు చెప్పాడు. మూడోసారికి కౌసల్యకు తన కాళ్ళ కింద నేల ఎంత పల్చగా ఉందో అర్థమైంది.

పదకొండింటికి డాక్టర్ విష్ణువర్ధన్ వచ్చాడు. ఆసుపత్రిలో కిడ్నీ డాక్టరు, ముప్ఫై ఏళ్ళుగా డార్విన్ వాసి, పుట్టింది కరీంనగర్. శనివారం కార్యక్రమానికి కమిటీ చైర్మన్. మూడేళ్ళ కిందట గణపతికీ ఆయనే చైర్మన్.

"ఏమమ్మా కౌసల్యా, దేవుళ్ళు నీకేం జేసిన్రు? మనోడు అయిపోయిండు, ఇప్పుడు వీళ్ళోడా?"

"ఆయనతో నాకు గొడవేం లేదంకుల్. ఆయన బుగ్గలో ఉన్నవాటితోనే."

"ఉన్నయో లేవో నీకే తెల్వదంట గద."

"తెలీదు కాబట్టే ఆపానండి. తెలిస్తే ఈపాటికి ఏదో ఒకటి చేసేదాన్ని."

"నాలుగొందల చైర్స్ ఏపిచ్చిన. ఆళ్ళకేం జెప్పాలె?"

"కేన్ చైర్సా అంకుల్, ప్లాస్టిక్‌వా?"

"ప్లాస్టిక్."

"వాటితో ప్రాబ్లం లేదండి."

డాక్టరు నవ్వబోయి మానుకున్నాడు. అద్దం వైపు చూశాడు. ఒగురా నిన్నటి కుర్చీలోనే, నిన్నటి లాగానే ఉన్నాడు. డాక్టరు గొంతు తగ్గించాడు.

"ఇడిస్తే మనోళ్ళు ఊకోరు. మన గణపతి తొండం ఇరగ్గొట్టి జపానాయనకు గేటు తీసిందంటరు. ఇడవకుంటే, అగో, అది ఎవ్వల్ని ఇడవదంటరు. ఎట్లయినా నీకు మాటే. నేను దానికి రాలే. పొద్దున ముసలాయన బీపీ చూసిన. నూట డెబ్బై ఉన్నది. మందులు ఇంటికాడ మర్శి వచ్చిండు, నిన్నటి సంది ముద్ద ముట్టలే. రేపటిదాంక గిట్లనే కూసుంటే నా పేషెంట్ అయితడు. ఏదో ఒకటి తేల్చు బిడ్డా."

ఆయన మాత్రలిచ్చి వెళ్ళిపోయాడు. కౌసల్య నిబంధనల పుస్తకం తీసింది. నాలుగు వందల పేజీలు. కంఠతా వచ్చిన పుస్తకమే, అయినా ఇన్నాళ్ళూ ఏది కూడదో వెతకడానికే తెరిచింది. మధ్యాహ్నం దాటాక, కలప సరుకుల అధ్యాయంలో ఒక వాక్యం దగ్గర ఆమె వేలు ఆగింది. అనుమానమున్న కలప వస్తువును మూసిన గదిలో నల్లని కాగితం మీద తట్టి, కదిపి, రాలినదాన్ని పరిశీలించవలెను.

ఎంతసేపు కదపాలో రాయలేదు. ఎవరు కదపాలో రాయలేదు. ఏ తాళంలో కదపాలో అసలే రాయలేదు.

ఆమె బయటికొచ్చి ఒగురా ఎదురుగా ఇంకో కుర్చీ వేసుకుని కూర్చుంది. "శ్మశానం దగ్గర ఆట కుదరదు. ఈ గదిలో ఆడతారా? గదంతా మూసేస్తాను, ఏసీ ఉండదు. ఏదైనా రాలితే నేను ఏరుకుంటాను. ఆట అయ్యాక దేవుణ్ణి ఏడు రోజులు ఫ్రీజరులో పెడతాను. పురుగు లేకపోయినా పెడతాను."

మిహో చెబుతుంటే ముసలాయన కదలకుండా విన్నాడు. తర్వాత ప్రశ్నలు వేశాడు. గది తలుపు ఎటు వైపు? పడమర. దాని అవతల ఏముంది? రేవు గోడ, ఆ తర్వాత నీళ్ళు. ఎంత దూరం? అరవై అడుగులు. ఒక అధికారి ఇంకో అధికారిని విచారించే పద్ధతిలో సాగింది ఆ సంభాషణ, ఇద్దరి దగ్గరా రూల్సు ఉన్నాయి కనుక.

చివరికి ఆయన అన్న మాటను మిహో మెల్లగా చెప్పింది. "ఏడుగురిలో నలుగురి శవాలు దొరకలేదట. ఆ నలుగురి రాళ్ళ కింద ఎవరూ లేరు. నీళ్ళ పక్కనే నయం అంటున్నారు. కానీ ఆట పెట్టించేవాళ్ళు ఉపవాసం ఉండి, వాళ్ళింటి బియ్యం తేవాలి."

"ఏ బియ్యం?"

"మీరు తినేవే."

ఇంట్లో ఉన్నది సోనామసూరి. ఆరు నెలల కిందట ఆ కంటెయినరును తనిఖీ చేసి వదిలింది కౌసల్యే కాబట్టి, ఆ పవిత్రతకు ఆమె హామీ ఉండగలిగింది.

శనివారం మూడింటికి గది మూసింది. గాలి సందులన్నిటికీ టేపు వేసింది. నేలంతా నల్ల కాగితం పరిచింది. మూలల్లో దీపాలు, వాటి కింద జిగురు అట్టలు. తెల్ల ఓవరాల్ వేసుకుని, చేతిలో గాజు సీసాతో గోడకానుకుని నిలబడింది. లోపల ఆమె కాక ముగ్గురు: ఒగురా, డోలు దగ్గర మిహో, పిల్లనగ్రోవి పట్టుకున్న ఒక నడివయసు రైతు. అద్దానికి అవతల మేనేజరు, ఇద్దరు ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవర్లు, డాక్టరు విష్ణువర్ధన్. మినిస్టరుగారినీ నాలుగొందల కుర్చీలనూ ఆయన కమిటీలో వేరేవాళ్ళకు అప్పజెప్పి వచ్చాడు.

ఒగురా పెదవుల మధ్య కాగితంతో ముఖాన్ని ఎత్తాడు. తొడుక్కున్నాడు. జరీ అంగీ బరువే పది కిలోలుంటుంది. డోలు మీద మొదటి దెబ్బ పడింది.

ఆట మొదట్లో ఆటలాగా లేదు. ముసలి దేవుడు గదిని కొలుస్తున్నట్టు నాలుగు దిక్కులకూ అడుగులు వేశాడు, ఒక్కో దిక్కుకు గంటల గుత్తి ఆడించాడు. గడ్డం దించితే ముఖం ఏడుస్తున్నట్టుంది, ఎత్తితే నవ్వుతున్నట్టుంది. కౌసల్యకు వాటిని చూసే తీరిక లేదు. ఆమె కళ్ళు నేల మీదే ఉన్నాయి. ప్రతి కుదుపుకూ తెల్లటి రజను రాలుతోంది. వంగి, భూతద్దంలో చూసి, లేస్తోంది. సున్నం. మళ్ళీ సున్నం. ఇది పాత పిండి. ఇది మళ్ళీ సున్నం.

పావుగంటకు గది వేడెక్కింది. ఇరవై నిమిషాలకు పిల్లనగ్రోవి రైతు మొహం నుంచి చెమట కారుతోంది. ఒగురా అంగీ వీపు నల్లగా తడిసింది. డోలు వేగం పెరిగింది. దేవుడు పడమటి తలుపు వైపు తిరిగి, చెయ్యి చాచి, ఎవరినో పిలుస్తున్నట్టు వేళ్ళు కదిపాడు. ఒకటి, రెండు, మూడు. ఏడుసార్లు.

తర్వాత తూలాడు.

అవతల డాక్టరు అద్దానికి దగ్గరగా వచ్చాడు. ఒగురా నిలదొక్కుకుని, నాలుగడుగులు వేసి మళ్ళీ తూలాడు. డాక్టరు అద్దం మీద అరచేత్తో కొట్టాడు. తలుపు తియ్యమని సైగ. కౌసల్య మిహో వైపు చూసింది. మిహో డోలు ఆపలేదు, తల ఎత్తలేదు. తూలడం ఆటలోదా? ఎవర్నడగాలి? తలుపు తీస్తే రెండు రోజుల కట్టుబాటంతా గాలికి పోతుంది. తియ్యకుండా ముసలాయన పడిపోతే? కౌసల్య తలుపు పిడి మీద చెయ్యి వేసింది.

మూడోసారి తూలినప్పుడు ఒగురా మోకాలు నేలకు తగిలింది. గట్టిగా తగిలింది. ముఖం విసురుగా ఊగింది. డాక్టరు రెండు చేతులతో అద్దం బాదుతున్నాడు. "తలుపు తియ్, కౌసల్యా." అద్దంలోంచి మాట రాలేదు, పెదవులు కనిపించాయి.

అప్పుడు నల్ల కాగితం మీద, ఒగురా మోకాలికి జానెడు దూరంలో, నువ్వుగింజ కన్నా కాస్త పొడుగ్గా, ఎర్రటి మట్టి రంగులో ఒకటి పడింది. పడి, వెల్లకిలా కొట్టుకుని, బోర్లా తిరిగి, నడవడం మొదలుపెట్టింది.

తలుపు కింద సన్నటి వెలుతురు ఉంది. అక్కడి టేపు వేడికి ఊడింది. అది అటే నడుస్తోంది.

కౌసల్య పిడి వదిలేసి మోకాళ్ళ మీద పడింది. దేవుడూ ఆమే ఎదురెదురుగా, ఒకే ఎత్తులో ఉన్నారు. ఆ బంగారు కనుగుడ్ల వెనకాల మనిషి కళ్ళు తెరిచే ఉన్నాయి. ఊపిరి ఈలలా వినిపిస్తోంది. ఆమె సీసా బోర్లించింది. దాని కింద పురుగు ఆగింది. రెండో చెయ్యి ఒగురా మోచేతి కింద పెట్టి ఎత్తింది. పూజలో కర్త దేవుణ్ణి తాకవచ్చో లేదో ఆమెకు తెలియదు. ముసలాయన ఆ చేతి మీద బరువంతా వేసి లేచాడు. వదిలించుకుని, గంటల గుత్తి ఎత్తి, మిగిలిన ఆటను పూర్తి చేశాడు. డోలు ఆగింది.

తర్వాత అరగంట ఎవరూ బయటికి పోలేదు. బట్టలు, జుట్టు, డోలు తోలు, పిల్లనగ్రోవి కన్నాలు, అన్నీ కౌసల్య చూసింది. ఇంకొకటి దొరకలేదు. తలుపు తీశాక డాక్టరు ముందు ఒగురాని కూర్చోబెట్టి, నాడి చూసి, నీళ్ళు తాగించాడు. ఆ పైన కౌసల్య వైపు తిరిగాడు.

"నీకు గుండె ఉన్నదా అసలు?"

"ఆ తూలడం ఆటలోదేనండి," అంది మిహో ఇంగ్లీషులో, తెలుగు అర్థమైనట్టే. "దేవుడు చనిపోయినవాళ్ళను మోసుకుంటూ కొండ ఎక్కుతాడు. బరువుకు తూలతాడు." డోలు పుల్లలు గుడ్డలో చుట్టింది. "రెండుసార్లు. మూడోది మాత్రం ఆటలోది కాదు."

డాక్టరు మళ్ళీ ముసలాయన నాడి పట్టుకున్నాడు. "ఈయన ఏడు రోజులు ఈడనే ఉండాలె," అన్నాడు చివరికి. "టికెట్ నేను మార్పిస్త. బీపీ నేను చూస్త."

ఒగురా తాడు కట్టాడు. ఫ్రీజరు ఎంత చల్లగా ఉంటుందని అడిగాడు. కౌసల్య చెప్పింది. జనవరిలో తమ గుడి కప్పు దాకా మంచు ఉంటుందనీ, దేవుడికి అలవాటేననీ మిహో ద్వారా చెప్పించాడు. ఆ తర్వాత సీసా చూడాలన్నాడు.

సీసాలో పురుగు గోడ ఎక్కుతోంది, జారుతోంది. ముసలాయన కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఇది ఎన్నాళ్ళుగా ఆయనలో ఉంది?"

"పిల్ల పురుగుగా కలపలో రెండేళ్ళు ఉండొచ్చు."

"అంటే ఇది రెండు ఆటలు ఆడింది," అన్నాడు ఒగురా. "ఇది మూడోది."

నిబంధన ప్రకారం దొరికిన పురుగును వెంటనే ఆల్కహాలులో వెయ్యాలి. ఫారంలో దానికో గడి ఉంది, ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు అని. కౌసల్య ఆల్కహాలు సీసా మూత తీసింది. ఒగురా చేతులు జోడించి, తల వంచి ఉన్నాడు. ఆయన తల ఎత్తేదాకా ఆమె మూత పట్టుకుని నిలబడింది. తర్వాత వేసింది. గడియారం చూసి, నిమిషాలతో సహా రాసి, సంతకం పెట్టింది.